బదరీవృక్షము క్రింద

ధ్యాన భాగము: 1 రాజులు 19:1–18

యూదా దేశమందలి బెయేర్షెబా చేరినప్పుడు ఏలీయా తన దాసుని అక్కడ ఉంచి, తాను ఒక్కడే దినప్రయాణమంత దూరము అరణ్యములోనికి పోయెను. ఈ సంగతిని మనము త్వరగా దాటిపోవుదుము. కర్మెలు మీద దిగిన అగ్నిని గూర్చియు, హోరేబులో వినబడిన మెల్లని స్వరమును గూర్చియు అనేక ప్రసంగములు విన్నాము గాని, బెయేర్షెబాలో నిలిచిపోయిన ఆ దాసుని గూర్చి విన్నది అరుదు. అతని పేరైనను వ్రాయబడలేదు. యజమానుడు తన్ను ఎందుకు రావద్దనెనో, తనవలన జరిగిన తప్పేమో, ఎన్ని దినములు అక్కడ కనిపెట్టుకొని యుండవలెనో అతడు ఎవరిని అడుగగలడు?

ప్రియులారా, మనలో అనేకులు నేడు ఆ దాసుని స్థలములో ఉన్నారు. ఉద్యోగము పోయిన నాటనుండి భర్త గోడవైపు తిరిగి పండుకొనుచున్నాడు. పలుకరించినయెడల "నా మానాన నన్ను వదిలెయ్యి" అనుచున్నాడు. కడుపులోనే బిడ్డను పోగొట్టుకొన్న కోడలు గది తలుపు గడియ వేసికొనుచున్నది. పరీక్ష తప్పిన కుమారుడు తల్లి పెట్టిన పళ్లెము ముట్టకుండనే ఉన్నాడు. ప్రేమించువారి చేతులను కట్టివేయు మాట అది. లోపలికి పోయినయెడల వారికి విసుగు; పోనియెడల విడిచిపెట్టితిమేమో అను వేదన మనకు. కొందరు అదేపనిగా తలుపు తట్టుదురు. మరికొందరు "అడిగితిని, వద్దన్నారు, ఇక నేనేమి చేయుదును?" అని నొచ్చుకొని తొలగిపోవుదురు. ఈ రెండవ తరగతివారు మర్యాదస్థులుగా కనబడుదురు గాని, లోపల ఉన్నవారికి మిక్కిలి నష్టము కలిగించువారు తరచుగా వీరే.

ప్రభువు ఆ చెట్టు క్రింద ఏమి చేసెనో చూతము. ఆయన ఏలీయాను వెంటనే లేపి ప్రశ్నింపలేదు. బెయేర్షెబానుండి దాసుని పిలిపించి, "నీ యజమానునితో మాటలాడుము" అనలేదు. నిద్రించుచున్న మనుష్యుని యొద్దకు దూత వచ్చి అతని తాకెను, లేచి తినుమనెను. తలయొద్ద నిప్పులమీద కాల్చిన అప్పమును నీళ్ల పాత్రయు ఉండెను. ఏలీయా తిని, త్రాగి, కృతజ్ఞతగా ఒక్క మాటయైన పలుకక మరల పండుకొనెను. దూత దానికి నొచ్చుకొనలేదు. రెండవ మారు వచ్చెను, రెండవ మారు తాకెను, ప్రయాణము నీ శక్తికి మించినదని మాత్రము చెప్పి మరల తినిపించెను.

ఆ రెండవ రాక నన్ను ఎప్పుడును ఆపివేయును. మొదటి మారు పోవుట మనకందరికి చేతనగును. భోజనము తీసికొనిపోయి, "తిను నాన్నా" అని బ్రతిమాలి, ఆ పళ్లెము అట్లే తిరిగి వచ్చినప్పుడు మన ప్రేమకు అవమానము జరిగినట్లు భావింతుము. దుఃఖించువాని బలమంతయు తన ప్రాణమును మోయుటకే చాలదు. మన మనస్సును కూడ నొప్పింపకుండ చూచుకొను శక్తి అతనికి ఎక్కడిది? కనుక జవాబు కోరని పనులు చేయుడి. తలుపు దగ్గర మజ్జిగ గ్లాసు పెట్టి, "వరండాలోనే ఉన్నాను, ఆరు గంటలకు మళ్లీ వస్తాను" అని చెప్పి, ఆరు గంటలకు తప్పక రండి. ఆ గదిలోనే ఒక మూల కూర్చుండి బట్టలు మడతపెట్టుకొనుడి, లేక బియ్యము ఏరుకొనుడి. చూపు అతనిమీద నిలుపకుడి. నొప్పిలో ఉన్నవానికి ఇతరుల ఆతురత నిండిన చూపుకూడ ఒక బరువే. "వదిలెయ్యి" అన్నప్పుడు అతడు అనేక పర్యాయములు అడుగునది మాటలనుండియు, ప్రశ్నలనుండియు, సంతోషము నటింపవలసిన శ్రమనుండియు విడుదలయే.

అయితే ఇక్కడ ఒక సంగతిని దాచిపెట్టరాదు. ఏలీయా ఆ చెట్టు క్రింద విశ్రాంతిని మాత్రమే అడుగలేదు, చావును అడిగెను. అట్టి మాట వినబడిన చోట పరలోకము అతనిని కాపులేక విడువలేదు. మీ ఆప్తుడు బ్రతుకవలెనని లేదనినను, తాను లేకుండిన అందరికి మేలనినను, తన వస్తువులను పంచిపెట్టుచు వీడ్కోలు చెప్పునట్లు మాటలాడినను, అప్పుడు అతని ఏకాంతమును గౌరవించుట ప్రేమ కానేరదు. "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని తిన్నగా అడుగుడి. అడిగినందువలన ఆ తలంపు పుట్టునని పెద్దలు భయపడుదురు గాని, అది నిజము కాదని వైద్యులు చెప్పుచున్నారు. అడుగుట వలన అనేకులకు ఊపిరి తిరుగును. ఇంటనున్న పురుగుమందును, నిద్రమాత్రలను అతనికి అందకుండ తీసివేయుడి. ఒంటరిగా ఉంచకుడి, వైద్యుని యొద్దకు తీసికొనిపోవుడి. 2022 అక్టోబరు 10న ప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ అను సేవకు 14416 అను నంబరున ఉచితముగా ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును. ప్రార్థించుచున్నాము గనుక మందు అక్కరలేదను సహోదరులు, అప్పము కాల్చి ఇచ్చినవాడు దేవుని దూతయే అని జ్ఞాపకము చేసికొందురు గాక.

ఈ అధ్యాయములో నన్ను మిక్కిలి ఆశ్చర్యపరచునది దేవుడు మాటలాడిన సమయము. నేను ఒక్కడనే మిగిలితినని ఏలీయా తలంచెను. అది సత్యము కాదు. బయలునకు మోకాలు వంచనివారు ఇశ్రాయేలులో ఏడువేలమంది ఉండిరి. చెట్టు క్రింద ఉన్నప్పుడే దేవునికి ఆ లెక్క తెలియును. మనమైతే మొట్టమొదట దానినే చెప్పియుందుము: "నీవొక్కడవే కాదు, ఏడువేలమంది ఉన్నారు, లెమ్ము!" దేవుడు దానిని అట్టిపెట్టెను. ముందు నిద్ర, అప్పము, నీళ్లు. మరల నిద్ర, మరల అప్పము. నలువది దినముల నడక. గుహలో ఒక రాత్రి. అటుతరువాత నీకిక్కడ ఏమి పని అని అడిగి, అతని మొర యావత్తు వినెను. మరల అదే ప్రశ్న వేసి, మాట మారని అదే మొరను రెండవ మారు వినెను. ఇది ఇందాకనే చెప్పితివి గదా అనలేదు. ఏడువేలమంది సంగతి పదునెనిమిదవ వచనమున గాని రాలేదు.

మన సంఘములలో ఆ పదునెనిమిదవ వచనమును మొదటి దినముననే చెప్పు అలవాటు బలముగా ఉన్నది. సమాధి మట్టి ఆరకముందే ఇల్లు నిండును. "దేవుని చిత్తము", "ఏడవకూడదమ్మా, నిరీక్షణ లేనివారివలె ఏడవకూడదు" అను మాటలు చుట్టుముట్టును. ఆదరణ కూడికలో కీర్తన వెంబడి కీర్తన పాడుదురు. విధవరాలు లేచి వచ్చినవారికి కాఫీ కలుపును. ఈ మాటలు అసత్యములని నేననను. చెప్పబడు వేళను గూర్చియే నా బాధ. దుఃఖాక్రాంతుని యెదుట పాటలు పాడుట చలిదినమున ఒకని పైబట్టను లాగివేయుట వంటిదని సామెతల గ్రంథము (25:20) ఏనాడో హెచ్చరించినది. యోబు స్నేహితులును ఏడు దినములు నేలమీద మౌనముగా కూర్చున్నంతవరకు బాగుగనే చేసిరి.

నీతిమంతుని దుఃఖము కొద్ది దినములలో తీరిపోవునను ఊహ కూడ మనలో ఉన్నది. ఇంగ్లీషు కీర్తనల పుస్తకములు వాడువారు విలియం కూపర్ పేరు ఎరుగుదురు. ఓల్నీ అను చిన్న పట్టణములో, మునుపు బానిసల ఓడకు నాయకుడై తరువాత సువార్తికుడైన జాన్ న్యూటన్ గారి సంఘమందు అతడు ఉండెను. వారిరువురి కీర్తనలు 1779లో ఒక్క గ్రంథముగా అచ్చుపడెను. అయితే అంతకు ముందే, 1773 ఆరంభమున, కూపర్ మనస్సు చీకటిలో మునిగెను. దేవుడు తన్ను త్రోసివేసెనని అతడు నమ్మి, ఆలయమునకు వచ్చుట మానివేసెను. ఆ ఏప్రిలు నెలలో అతడు న్యూటన్ గారి ఇంటికి వచ్చి, తన యింటికి తిరిగిపొమ్మన్నను పోక, ఏడాదికి పైగా అక్కడనే ఉండెను. తన సంఘపు కీర్తనకారుడే ప్రార్థింపలేని స్థితిలో తన యింట ఉండగా, న్యూటన్ గారు ప్రతి ఆదివారము ప్రసంగింపవలసి వచ్చెను. ఆ భారము ఎట్టిదో సేవకులు ఎరుగుదురు. ఆయన స్నేహితుని వెళ్లగొట్టలేదు.

1774లో పొరుగువాడొకడు తన పిల్లలు ఆడుకొని విడిచిన ఒక కుందేలు పిల్లను కూపర్‌కు ఇచ్చెను. జనుల సాంగత్యము గాని పుస్తకములు గాని సహింపలేని ఆ దినములలో, అలసట కలిగింపకుండ మనస్సును పట్టి ఉంచు పని ఏదైనను తనకు మేలుగా తోచెనని, పది సంవత్సరముల తరువాత, 1784లో, అతడే ఒక పత్రికకు వ్రాసెను. మూడు కుందేళ్లను పెంచెను, వాటికి గూళ్లు తానే చేసెను. ఆ పొరుగువాని పేరు మనకు అక్కరలేదు. అతడు ఉపదేశము తేలేదు, చేతిలో పట్టునంత ప్రాణిని తెచ్చెను. కూపర్ మరల వ్రాయగలిగెను. అయినను సంపూర్ణముగా కోలుకొనలేదు, 1800లో ఆ దిగులుతోనే కన్ను మూసెను. న్యూటన్ గారు లండనుకు మారిన తరువాతయు ఉత్తరములు ఆగలేదు. స్నేహితుని మరణమున జ్ఞాపకార్థ ప్రసంగము చేసినదియు ఆయనయే. ఇట్టి చరిత్రను జయోత్సవముగా మార్చి చెప్పుట నాకు ఇష్టము లేదు.

గెత్సేమనేలో మన ప్రభువు శిష్యులయొద్దనుండి రాతివేత దూరము ఎడమై ప్రార్థించెను. దగ్గరగా రమ్మననూ లేదు, ఇండ్లకు పొండననూ లేదు. అక్కడనే మెలకువగా ఉండుడని కోరెను. శిష్యులు దుఃఖముచేత నిద్రించిరని లూకా (22:45) కనికరముతో వ్రాసెను. కాచుకొని యుండువారును దుఃఖించువారే. మీరును తినుడి, నిద్రించుడి, మరియొకరిని వంతుకు పిలుచుకొనుడి.

ఏలీయాకు దేవుడిచ్చిన తోడు ఎలీషా. కొంతకాలమునకు షూనేమీయురాలు చనిపోయిన కుమారుని మంచముమీద పరుండబెట్టి ఎలీషా యొద్దకు వచ్చినప్పుడు, క్షేమమా అని గేహజీ అడుగగా క్షేమమే అనెను. అందరికిని అట్లే చెప్పుచు వచ్చెను. ప్రవక్త పాదములు పట్టుకొనగా గేహజీ ఆమెను తోలివేయబోయెను. ఎలీషా అతని వారించి, ఆమె ప్రాణము వేదనలో ఉన్నదనియు, కారణమును యెహోవా తనకు తెలుపలేదనియు చెప్పెను (2 రాజులు 4:27). నాకు తెలియదని ఒప్పుకొను ప్రవక్త! ఈ మెలకువ అతనికి ఎక్కడ అబ్బెనో అని తలంచినప్పుడు, ఏలీయాతో అతడు గడిపిన కడపటి దినము నాకు తోచును.

ఆ దినమున వృద్ధుడైన ఏలీయా మరల ఒంటరిగా పోగోరెను. గిల్గాలులో నీవిక్కడ ఉండుమనెను. బేతేలులోను, యెరికోలోను అదే మాట. బెయేర్షెబాలో దాసుడు ఆ మాటకు ఆగెను. ఎలీషా మూడు మారులును విడువననెను, అంతకుమించి ఏమియు వాదింపలేదు. నీ యజమానుడు నేడు కొనిపోబడునని ఎరుగుదువా అని ప్రవక్తల శిష్యులు రెండు చోట్ల వచ్చి అడుగగా, ఎరుగుదును, మీరు ఊరకుండుడి అనెను. వారిలో ఏబదిమంది దూరమున నిలిచి చూచుచుండగా, ఆ యిద్దరును యొర్దాను ఒడ్డువరకు నడిచిపోయి, ఆరిన నేలమీద కలిసి ఆవలికి దాటిరి.