దిగని డ్యూటీ

మార్చి నెల రెండో ఆదివారం అమెరికాలో గడియారాలు గంట ముందుకు జరుగుతాయి. ఆ మర్నాటి నుంచి హైదరాబాదులో మా ఇంట్లో పొయ్యి వెలిగించే వేళ మారిపోతుంది. న్యూయార్క్ ఉదయం తొమ్మిదంటే చలికాలమంతా మాకు రాత్రి ఏడున్నర. వాళ్ల వేసవి వేళలు మొదలైతే ఆరున్నర. కాలిఫోర్నియా వాళ్ల తొమ్మిదైతే పదిన్నర నుంచి తొమ్మిదిన్నరకు వస్తుంది. నవంబరు మొదటి ఆదివారం మళ్లీ అంతా వెనక్కి. గచ్చిబౌలి, మాదాపూర్, నానక్‌రామ్‌గూడ ఆఫీసుల్లో పనిచేసేవాళ్ల ఇళ్లలో పిల్లలకు ఎప్పుడు అన్నం పెట్టాలో, అమ్మానాన్నలకు ఎప్పుడు ఫోన్ చెయ్యాలో మన పంచాంగంలో లేని ఆ రెండు ఆదివారాలు తేలుస్తాయి. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచినప్పుడు ఊరికి ఉద్యోగాలు వచ్చాయని అందరూ సంతోషించారు. వాటితోపాటు ఇంకో గడియారం కూడా వచ్చిందని తర్వాత మెల్లగా తెలిసింది.

ఉద్యోగాన్ని తిట్టడానికి ఇది రాయడం లేదు. ఈ జీతమే మా చెల్లిని చదివించింది, ఊళ్లో ఇంటికి స్లాబు వేయించింది. పనన్నా నాకు ఇష్టమే. ఎవరికీ అంతుపట్టని తప్పు అర్ధరాత్రి కోడ్‌లో ఒక్క లైనులో దొరికినప్పుడు కలిగే ఆనందం నిజమైనదే. అందుకే ఈ అలసట ఎక్కడి నుంచి వస్తోందని చాలాకాలంగా నన్ను నేను అడుగుతున్నాను. పని ఎక్కువై వచ్చిన అలసటైతే కడుపునిండా తిని పడుకుంటే పోతుంది. ఇది నిద్రకు లొంగడం లేదు. ఎవరూ ఏమీ అడగని ఆదివారం మధ్యాహ్నం కూడా గుండెల్లో ఒక బిగువు ఉంటుంది. చెయ్యాల్సింది ఏమీ లేదు, కానీ ఏదో వచ్చి పడబోతోందన్న బిగువు.

ఆలోచించగా నాకు తేలింది ఇది. మేం రోజుకు ఇన్ని గంటలని అమ్ముతున్నాం అనుకుంటాం. గంటలకంటే ఎక్కువగా అమ్ముతున్నది అందుబాటును. ఆన్‌కాల్ వారంలో, అంటే ఏ వేళ పిలిచినా పనికి దిగాల్సిన వారంలో, ఫోను ఒక్కసారి కూడా మోగకపోవచ్చు. అయినా ఆ వారం సినిమాకు పోము, సిగ్నల్ అందని చోటికి పోము. స్నానానికి వెళ్తే ఫోను బాత్‌రూమ్ కిటికీలో పెట్టుకుంటాం. పెళ్లికి వెళ్తే ల్యాప్‌టాప్ సంచీ భుజాన ఉండగానే అక్షింతలు వేస్తాం. ఆఫీసు లెక్కలో ఆ వారం అదనంగా చేసిన పని ఏమీ ఉండదు. అలాగని ఆ వారం మనదీ కాదు.

మా నాన్న ఆర్టీసీ కండక్టరు. ఆయన ఉద్యోగం తేలికైనదని ఎవరూ అనలేరు. సంక్రాంతి రద్దీలో ఫుట్‌బోర్డు దాకా కిక్కిరిసిన బస్సులో టికెట్లు కొట్టడం, చిల్లర తగాదాలు, నైట్ హాల్ట్ ఊళ్లలో దోమల మధ్య బస్సులోనే పడుకోవడం. ఒళ్లు హూనమయ్యే పని, దానికి వచ్చే జీతం నాకొచ్చేదానిలో కొంతే. కానీ డిపోకు చేరి, లెక్క చూసుకుని, డబ్బు కట్టి, టికెట్ మిషన్ అప్పగించాక డ్యూటీ దిగినట్టే. బస్సు ఆయన వెంట ఇంటికి వచ్చేది కాదు. అరుగు మీద కూర్చుని పేపరు చదువుతున్నారంటే ఆయన పూర్తిగా అక్కడే ఉండేవారు. పక్కింటి తాతయ్యతో గంటసేపు మాట్లాడినా చెయ్యి జేబు వైపు పోయేది కాదు. నేను ఊరెళ్లి అదే అరుగు మీద కూర్చుంటే అమ్మ నా మొహం చూసి, "ఏమైందే, ఎవరితోనన్నా గొడవపడ్డావా?" అంటుంది. గొడవేం లేదు. నేను ఇంకా డ్యూటీ దిగలేదు, అంతే.

మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి తన ప్రసంగాల్లో గడియారపు కాలాన్నీ, మనసు అల్లుకునే కాలాన్నీ విడదీసి చూపేవారు. రైలు అందుకోవాలంటే మొదటిది కావాలి. భయం పుట్టేది రెండోదానిలో. ఆ తేడా తెలియడం నాకు మేలే చేసింది. పప్పుకు తాలింపు వేస్తూ, రేపటి రివ్యూలో ఎవరూ ఇంకా అడగని ప్రశ్నకు జవాబు కూర్చుకుంటున్నానని గమనించుకోగలుగుతున్నాను. అయితే ఆ దారి నన్ను కొంతమేరకే తీసుకెళ్లింది. మనసు కల్పించుకున్న భయాన్ని మనసే చూసి వదిలేయవచ్చు. రాత్రి పదకొండింటికి నిజంగానే మెసేజ్ వచ్చే చోట, దానికోసం చెవులు రిక్కించుకుని ఉండటం కల్పన ఎలా అవుతుంది? అది ఉద్యోగం నేర్పిన అలవాటు. ఆఫీసుల్లో పెట్టే ధ్యానం తరగతులకు నేను ఇష్టంగానే వెళ్తాను. కానీ కంపెనీకీ ఉద్యోగికీ మధ్య పుట్టిన ఒత్తిడిని ఉద్యోగి ఒక్కరే ఊపిరి పీల్చి వదిలి నయం చేసుకోవాలనడం న్యాయం కాదు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించిన వ్యాధుల వర్గీకరణలో కూడా బర్నవుట్‌ను జబ్బుగా రాయలేదు. పనిచేసే చోట చాలాకాలం సర్దుబాటు కాని ఒత్తిడి ఫలితమని రాశారు.

ఇక రోజువారీ బతుకు. దాన్ని ఎవరో ఒకరు నడిపితేనే నడుస్తుంది. కూకట్‌పల్లిలో రాత్రి ఏడు దాటాక ఏ కర్రీ పాయింట్ ముందైనా నిలబడి చూడండి, మెడలో ఐడీ కార్డు తీయకుండానే వచ్చినవాళ్లు కనిపిస్తారు. ఇంట్లో కుక్కర్ పెట్టి వచ్చి పప్పు, సాంబారు, ఒక వేపుడు ప్యాకెట్లలో కట్టించుకుని పోతారు. ఇది బద్ధకమని పెద్దవాళ్లు అంటే నేను ఒప్పుకోను. కూర కొన్నా అన్నం మాత్రం మన ఇంట్లోనే ఉడకాలన్న పట్టుదల అందులో ఉంది. పగలంతా ఎవరి గడియారానికో పనిచేసినవాళ్లు ఆ ఒక్క గిన్నెనీ తమ చేతుల్లో ఉంచుకుంటున్నారు.

పది నిమిషాల్లో కొత్తిమీర తెచ్చిచ్చే యాప్‌ల సంగతి వేరు. కాల్ మధ్యలో ఆర్డరు పెట్టి, మైక్ మ్యూట్ చేసి వెళ్లి తలుపు తీసినదాన్నే నేనూ. సందు మలుపులో, ఆ యాప్‌ల సరుకుల గోడౌన్ ముందు, బండ్ల మీద కూర్చున్న కుర్రాళ్లను చూసినప్పుడు మనసు కలుక్కుమంది. అందరి కళ్లూ ఫోన్ల మీదే. ఆర్డరుకు ఇంతని వచ్చే డబ్బులో ఆ కూర్చున్న సమయానికి లెక్క లేదు. పై అంతస్తులో నేను, కింద రోడ్డు మీద ఆ కుర్రాళ్లలో ఒకతను, ఇద్దరం ఫోను మోగడం కోసమే కాచుకుని ఉన్నాం. నాకు ఏసీ ఉంది, నెల తిరిగితే జీతం ఉంది. అతనికి ఎండ ఉంది. ఆ తేడా చిన్నది కాదు. నాకు మిగిలిన పది నిమిషాలు అతని తొందరలోంచి వచ్చినవే.

ఇంటి లోపలా ఇదే లెక్క. మా ఆయనదీ ఇదే రంగం. రాత్రి కాల్ ఉంటే ఆయన గది తలుపు వేసుకునేవారు, నేను చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని వంటగదిలో నిలబడేదాన్ని. ఇద్దరం కూర్చుని అనుకున్నది కాదు, అలా జరిగిపోయింది. ఇప్పుడు వంటగదిని వారాల చొప్పున పంచుకుంటున్నాం. 2019లో కేంద్ర గణాంక శాఖ జరిపిన సమయ వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటి పనుల్లో పాల్గొన్న ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు వాటికి వెచ్చిస్తున్నట్టు తేలింది. పనికీ బతుకుకూ మధ్య సమతూకం గురించి మాట్లాడే వేదికల మీద ఈ రెండు అంకెలు వినబడాలి.

ఇక చట్టం మాట. వారానికి 48 గంటలన్న హద్దు 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ మొదటి ఒడంబడికలోనే ఉంది. 2025 జులైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకు పది గంటల వరకు పనికి అనుమతి ఇచ్చినప్పుడు కూడా వారానికి 48 అన్నది అలాగే ఉంచింది. 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నప్పుడు దేశమంతా గంటల గురించే వాదించుకుంది. ఆ వాదన అవసరమే, కానీ చట్టం లెక్కపెట్టేది పనిచేసిన గంటలను. కాచుకుని ఉన్న గంటలను మన దగ్గర ఎవరూ లెక్కపెట్టడం లేదు. ఫ్రాన్స్‌లో 2017 నుంచి, యాభై మందో, అంతకు మించో ఉన్న కంపెనీలు పనివేళలు దాటాక ఫోనూ మెయిలూ పక్కన పెట్టే హక్కు గురించి ఉద్యోగులతో చర్చించాలని చట్టమే చెబుతోంది. అలాంటిది మనకూ రావాలి. క్లయింటు అమెరికాలో ఉన్నాడన్నది దానికి అడ్డం కాకూడదు. షిఫ్టు ఏ వేళకైనా మొదలవ్వనివ్వండి, దానికొక ముగింపు ఉండాలి.

చట్టం వచ్చేలోపు, ఈమధ్యే టీమ్ లీడ్‌లైన నా ఈడువాళ్లను ఒకటి అడుగుతాను. రాత్రి పదకొండింటికి మీకు గుర్తొచ్చిన విషయం రాసుకోండి, మర్నాడు పనివేళకు చేరేలా పెట్టండి. ఆ సదుపాయం మెయిల్‌లోనే ఉంది. నిజంగా అత్యవసరమైతే ఫోన్ చెయ్యండి, మేం ఎత్తుతాం. ఆన్‌కాల్ చేసిన వారానికి డబ్బో, సెలవో మీ పైవాళ్లను అడిగి ఇప్పించండి.