అడవియెడ మన ఋణము

ఏఎస్ రావు నగర్ వంటి పేటలలో వాకిట నొక మొక్క నాటి, వనధర్మము నెరవేర్చితిమని మనము తలంచుచున్నాము. అది మంచిదే, గాని అడవి వేఱు. 2024 ఆగస్టు 31న ములుగు జిల్లా తాడ్వాయి అడవిలో పెనుగాలికి వేలకొలది వృక్షములు కూలినవి. గాలి కూల్చినచోట నేలలో వేళ్లును విత్తనములును మిగులును. ముందు గడ్డి, పిదప పొదలు, వాని చాటున వృక్షములు వరుసగా లేచును. 2025లో కంచ గచ్చిబౌలిలోనో, యంత్రములు పొదలను సహితము పెకలించినవి; ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపించినది. భూతాపము హెచ్చుచున్న యీ కాలమున లేమొక్కల బ్రదుకు మఱింత కష్టము. నాటుట సులభము, చేయి నిలుపుట కష్టము. గొడ్డలిని, నిప్పును దూరముంచి, మనము చూడజాలని నీడకొఱకు వేచియుండుటయే ఋణము తీర్చు మార్గమని మా యభిప్రాయము.