దానమును స్వీకారమును



న్యాయస్థానములలో దినములు గడపు మాకు దానపత్రములు క్రొత్త కావు. 1882వ సంవత్సరపు ఆస్తి బదిలీ చట్టమున 122వ సెక్షను దానమును నిర్వచించుచున్నది. దాత ప్రతిఫలము కోరక, తన యిచ్ఛ చొప్పున ఇచ్చినంత మాత్రమున దానము సిద్ధింపదు. గ్రహీత దాని నంగీకరింపవలయును. అంగీకరింపకమునుపే గ్రహీత మరణించెనేని ఆ దానము చెల్లదు. ఇచ్చుట యెంత కార్యమో పుచ్చుకొనుటయు నంత కార్యమేయని చట్టమే చెప్పుచున్నది.

క్రైస్తవ మతమున కృపయనబడునది ఈశ్వరుని దానము. అది మన పుణ్యమునకు వెల కాదు. మన సేవకు జీతము కాదు. ఈ సిద్ధాంతమును ఎరుగనివారు మనలో అరుదు. ఐనను, తమకు దీవెన లేల కలుగలేదని వగచువారు, తాము వాని నెన్నడైన అంగీకరించితిమా యని తమ్ము తాము ప్రశ్నించుకొనరు. ఈ దాతకు మరణము లేదు గావున ఆయన వైపున గడువు తీరదు. గడువు మనకే కలదు.

రాజుల రెండవ గ్రంథము 4వ అధ్యాయమున ఒక విధవ వృత్తాంతము కలదు. భర్త మరణించెను. ఋణదాత ఆమె కుమారుల నిరువురను దాసులుగా కొనిపోవ వచ్చెను. ఇంట మిగిలినది కొంచెము నూనె మాత్రమే. ఎలీషా ప్రవక్త ఆమెకు ధనమీయలేదు. పొరుగిండ్లకు పోయి వట్టి పాత్రలను ఎరవు తెచ్చుకొనుమనియు, కొలదిపాటితో సరిపుచ్చుకొనవలదనియు చెప్పెను. ఆమె తలుపు మూసికొని, కుమారులు పాత్రల నందించుచుండగా నూనె పోయుచు వచ్చెను. ఇంకొక పాత్ర నడుగగా, లేదని కుమారుడు చెప్పెను. అంతట నూనె నిలిచిపోయెను. దానిని విక్రయించి ఆమె ఋణము తీర్చవలయును. మిగిలిన దానితో ఆమెయు కుమారులును జీవింపవలయును.

ఇందు మూడు సంగతులు గమనింపదగినవి. మొదట ముగిసినది నూనె కాదు, పాత్రలు. తెచ్చిన పాత్రలు వట్టివి. నిండిన పాత్రలో ఎవ్వరును ఏమియు పోయజాలరు. మరియు ఆ పాత్రలు ఆమెవి కావు, పొరుగువారివి. ఆమె తన దారిద్ర్యమును దాచుకొని, ఎవరి గడపయు త్రొక్కనని బిగిసికొని యుండినచో ఎన్ని పాత్రలు దొరకియుండును? దైవదత్తమైన సమృద్ధిని పట్టుకొను శక్తియు ఆమెకు పొరుగువారి వలననే లభించెను. దేవునితో మాకు సంబంధము కలదు, మనుష్యులతో పనిలేదని అనుకొనువారు ఈ కథను మరల చదువుదురు గాక.

పాత్ర పెద్దదగుటకు కాలమును కావలయును. సంచిలో ఎక్కువ వస్తువులు పట్టవలయునన్న దానిని సాగదీయుదురు గదా. అట్లే ఈశ్వరుడు తన యీవిని ఆలస్యము చేసి మన కోరికను సాగదీయునని, కోరిక సాగిన కొలది హృదయము విశాలమగునని అగస్టీను మహాశయుడు యోహాను మొదటి పత్రికపై చేసిన ప్రసంగములలో బోధించెను. ఆలస్యము నిరాకరణము కాదని దీని తాత్పర్యము.

ఈ బోధకు నిదర్శనము మన తెలుగు దేశముననే కలదు. 1840లో నెల్లూరున స్థిరపడిన అమెరికను బాప్తిస్టు మిషనుకు చాలకాలము ఫలము మిక్కిలి స్వల్పము. దీనిని విడిచిపెట్టవలయునా యని 1853లో అమెరికాయందు చర్చ జరిగెను. 1854 జనవరి 1వ తేదీ ఉదయమున లైమన్ జూయెట్టు దంపతులును కొందరు తెలుగు క్రైస్తవులును ఒంగోలు సమీపమున నొక కొండపై ప్రార్థన చేసి, ఆ పట్టణమున కొక బోధకుని పంపుమని వేడిరి. 1866లో జాన్ ఎవరెట్టు క్లౌ అచటికి వచ్చెను. నడుమ పండ్రెండేండ్లు గడచెను.

వచ్చిన బోధకుడు మొదట ఆశించినది పై కులముల వారిని. వారును తమ బాలుర చదువు కొరకు ఆయనను ఆశ్రయించిరి. కాని ఆయన బోధను ముందుగా ఆత్రముతో స్వీకరించినది మాదిగలు. యర్రగుంట్ల పేరయ్య యను తోళ్ల వర్తకుడు తనవారిని ముందుగనే సిద్ధపరచెను. 1867 జనవరిలో తాళ్లకొండపాడున 28 మంది బాప్తిస్మము పొందిరి. మాదిగలను చేర్చుకొనిన తాము రామని పై కులములవారు పట్టుపట్టిరి. ఏమి చేయుటకును తోచక క్లౌ ఒక గదిలోను, ఆయన భార్య వేరొక గదిలోను బైబిలు తెరచిరి. ఒకరి సంగతి ఒకరికి తెలియకయే ఇరువురకును కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయమే కనబడెనని క్లౌ తన చరిత్రలో చెప్పుకొనెను. పిలువబడినవారిలో లోకరీతిని జ్ఞానులును ఘనులును అనేకులు లేరని అపొస్తలుడైన పౌలు చెప్పిన భాగమది. వారు మాదిగలను చేర్చుకొనిరి. పై కులముల బాలురు పోయిరి.

ఇచ్చట చట్టమున మరియొక సెక్షను జ్ఞప్తికి వచ్చుచున్నది. ఒకే దానపత్రమున అనేక వస్తువు లిచ్చి, అందొకదానికి భారము తగిలించి యున్నచో, గ్రహీత దాని నంతయు స్వీకరింపవలయును. లేనిచో ఏమియు దక్కదని 127వ సెక్షను చెప్పుచున్నది. లాభము పుచ్చుకొని భారము త్రోసివేయుటకు వీలులేదు. మనకు శాంతి కావలయును, జ్ఞానము కావలయును, సంతానక్షేమము కావలయును. వానితో గూడ వచ్చు సోదరుడు మాత్రము వలదు. దీవెన మన వీధి ద్వారముననే, మనకు సమ్మతమైన వేషముననే రావలయునని నియమము పెట్టుచున్నాము.

ఆ మాదిగలు ఆకలిచే మతము పుచ్చుకొనిరని అనువారు కలరు. సంగతి విచారింతము. 1876 మొదలు 1878 వరకు ఘోరమైన కరవు కలిగెను. క్లౌ బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు పుచ్చుకొని వేలకొలది జనులకు పని కల్పించెను. కాని ఆకలి తీర్చుటయు మతము నిచ్చుటయు కలిసిపోరాదని, ఆ కాలమున ఏడాదికి పైగా బాప్తిస్మము లీయలేదు. సహాయము ముగిసిన పిదప 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. చేరినవారు ఆదివారము పని మానవలయును, చచ్చిన గొడ్డు మాంసము తినరాదు, విగ్రహములను పూజింపరాదు. ఈ నియమములకై వారు గ్రామాధికారుల వలన దెబ్బలు తినిరి, పని పోగొట్టుకొనిరి. భారముతో గూడిన దానమును భారముతోనే స్వీకరించినది వారు. చదువుకొనిన పెద్దలు దానపత్రము చదివి ప్రక్కన పెట్టిరి.

1950లో అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము 17వ అధికరణమున అస్పృశ్యతను రద్దు చేసినది. చట్టము దేవాలయద్వారమును, బావిగట్టును తెరువగలదు. హృదయమును తెరచుట మన పని. అది ఒక్కనాట కాదు. ప్రార్థన చేయునపుడు, నేను కోరినదేమి యని కాక, నేను త్రోసివేసినదేమి యని విచారించుకొందము. సహాయము చేయు గర్వమును విడిచి, సహాయమడుగు వినయమును నేర్చుకొందము. ఇచ్చుటలో మనము పైన నుందుము, పుచ్చుకొనుటలో క్రిందికి దిగవలయును. మనకంటె తక్కువవారని ఎంచినవారి యింట ఒక పూట భుజించి, వారి నోట ఈశ్వరుని మాట విందము. ఆలస్యమైనచో విసుగక, సంచి సాగుచున్నదని తెలిసికొందము.

అంగీకారము మాటలతోనే కానక్కరలేదు. ప్రవర్తన వలనను తెలియును. దానముగా వచ్చిన పొలమున దిగి దున్నువాడు సంతకము లేకయే దానిని స్వీకరించినవాడు. కావున మహాశయులారా, మన యింట వట్టి పాత్ర లెన్ని కలవో నేడే చూచుకొందము. చాలనిచో సిగ్గుపడక పొరుగింటి తలుపు తట్టుదము. నూనె యింకను నిలువలేదు.