వాహనము, మమకారము

దంపతులు విడిపోవునపుడు పెద్ద వస్తువులనుగూర్చిన వివాదము తరచుగా ముందే తెగును. అంతయు పంచుకొన్న పిదప ఏదో యొక చిన్న వస్తువు కడ ఇరువురును పట్టుదలతో నిలిచిపోవుదురు.

అండమాను నికోబారు దీవులలో, 2011 జనగణన ననుసరించి, నూటికి సుమారు పదుముగ్గురు తెలుగు మాతృభాషగా గలవారు. ఉత్తరాంధ్ర తీరమునుండి ఓడనెక్కి వచ్చి స్థిరపడిన కుటుంబము లందు పెక్కు కలవు. 2024లో శ్రీవిజయపురమని పేరు మార్చబడిన పోర్టుబ్లెయిరునందు అట్టి యొక కుటుంబమును ఊహింపవచ్చును. భర్త దినమును చాథాం రేవున వాహనముల పడవనెక్కి, బాంబూఫ్లాటున దిగి, మోటారుసైకిలుపై పనికి పోవును. ఆ బండికి మొదట కట్టిన సొమ్ము భార్య తన పుట్టింటి గాజుల నమ్మగా వచ్చినది. వాయిదాలు అతని జీతమునుండి చెల్లినవి. రిజిస్ట్రేషను అతని పేర నున్నది. పదియేండ్లు గడచినవి. ఇరువురును పరస్పరాంగీకారముతో విడిపోవుచున్నారు. బిడ్డ తల్లికడ నుండును. గిన్నెలు, మంచములు, బీరువా పంచుకొనిరి. బండి మిగిలెను.

చట్టము ఇచట కొంతదూరము మాత్రమే వచ్చును. 1955 నాటి హిందూ వివాహ చట్టమునందలి 27వ సెక్షను వివాహసమయమున లభించి ఇరువురకును ఉమ్మడిగా చెందిన వస్తువులను గూర్చినది. ఈ బండి తరువాత కొన్నది. కాని గాజుల మాట వేరు. వివాహాగ్ని సన్నిధిని స్త్రీ కొసగబడినది స్త్రీధనమని మనుస్మృతి యెన్నినది. అట్టి సొత్తు భర్త చేతికి వచ్చినంతమాత్రమున అతనిది కాజాలదని 1985లో ప్రతిభారాణి వ్యాజ్యమున సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. “ఆమె ఇష్టపడియే యిచ్చినది గదా” యని అతడనవచ్చును. నిజమే, ఇచ్చినది, కాని సంసారమునకిచ్చినది. ఆ సంసారమే ఇపుడు లేదు.

ఇందొక చిక్కు కలదు. పదియేండ్లలో ఉప్పుగాలికి బండి తుప్పుపట్టినది, విలువ తరిగినది. బంగారము వెల పెరిగినది. నాటి రూపాయలను తిరిగి యిచ్చుట సులభము. గాజుల తూకమున కీయవలెనన్నచో బండి వెలకంటె ఎక్కువ కావచ్చును. న్యాయబుద్ధికి పరీక్ష ఇచటనే.

తరువాత మనస్సు సంగతి. జీవనోపాధికి కావలసిన సాధనమును విడువుమని ఏ శాస్త్రమును గృహస్థుని శాసింపదు. అయితే ఇంతే పని చేయు వేరొక బండి ఇంతే వెలకు దొరికినచో దీనిని విడుచునా యని అతడు తన్ను ప్రశ్నించుకొనవలెను. విడువలేకున్నచో, కావలసినది బండి కాదు. క్రొత్తలో ఆమెను వెనుక కూర్చుండబెట్టుకొని కార్బిన్స్ కోవు ఒడ్డునకు పోయిన సాయంకాలములు కావలయును. లేదా, అవి ఆమెకు దక్కకుండవలయును. మొదటిది దుఃఖము, దానిని కాలమున కప్పగింపవచ్చును. రెండవది ద్వేషము. భార్య యడుగుటలోను ఇదే తారతమ్యము చూడవలెను. నడుపుటకు కాక, అతనికి లేకుండ చేయుటకే అడిగినచో ఆమెయు ఆ తుప్పుపట్టిన ఇనుమునకు కట్టుబడినదే.

మరియొక మార్గము గొప్పగా తోచును: “అంతయు నీవే తీసికొమ్ము” అని తాళపుచెవి విసరివేయుట. బంధువులు మెచ్చుకొందురు. యోగవాసిష్ఠమందలి శిఖిధ్వజుడు రాజ్యమును, భార్యయగు చూడాలను విడిచి అడవికేగెను. ఆమె కుంభుడను బ్రాహ్మణకుమారుని రూపున వచ్చి త్యాగము పూర్తికాలేదనగా, ఆ రాజు ఆసనమును, జపమాలను, తుదకు పర్ణశాలను సైతము అగ్నికి ఆహుతి చేసెను. అయినను కాలేదనెను. విడువవలసినది “విడిచితిని” అను అహంకారమే. విడువబడిన భార్యయే ఈ పాఠమును చెప్పుట ఆ కథలోని సొగసు.

కావున ముందు గాజుల ఋణము తీరవలెను, తూకమునకు తూకముగా. పిదప పని నిమిత్తము బండి యుంచుకొనుటలో దోషము లేదు. అంత సొమ్ము లేకున్నచో బండి నమ్మి, వచ్చినది ముందుగా ఆమె చేతికీయవలెను. తక్కినది వాయిదాలుగా చెల్లింపవచ్చును. బండికి వాయిదాలు కట్టినవాడు గాజులకును కట్టగలడు. ఇంకొకటి గలదు. బండి ఎవరికడ నున్నను, బిడ్డకు జ్వరము వచ్చిన రాత్రి అది తల్లి యింటి ముంగిటికి వచ్చి నిలువవలెను. ఒప్పందపత్రములలో ఇట్టివి వ్రాయు నలవాటు లేదు. వ్రాసినచో ఏ న్యాయమూర్తియు కొట్టివేయడు.