సగంలో ఆపిన పని

ఆస్ట్రేలియాలో ఎన్నో ఇళ్లు వీట్-బిక్స్ గిన్నెతోనే నిద్రలేస్తాయి. ఇడ్లీ పిండి లేని రోజున తెలుగిళ్లూ అంతే. గోధుమ బిళ్లలు పాలలో ఒక్క క్షణం నానాలి. తొందరపడితే కరకరలాడతాయి, ఏమరితే ముద్దయిపోతాయి. ఆ కాసేపు గిన్నె వంకే చూస్తూ కూర్చోవడం బాగుంటుంది.

ఈ బిళ్లలు చేసే శానిటేరియం సంస్థ సెవెంత్‌డే అడ్వెంటిస్టు క్రైస్తవులది. 1898లో మెల్‌బోర్న్‌లో పుట్టింది. దేహం దేవుని ఆలయమని నమ్మినవాళ్లు, అందులోకి ఏది పోవాలో ఆలోచించారు. ధాన్యం, గింజలు, పండ్లు ఎంచుకున్నారు. మద్యం, పొగాకు వద్దనుకున్నారు. బబులోను రాజుగారి భోజనం కాదని కూరగాయలూ నీళ్లూ అడిగిన దానియేలు వాళ్లకెంత దగ్గరివాడో! సిడ్నీ వహ్రూంగాలో 1903లో ఆసుపత్రి తెరిచిందీ, మన నూజివీడులో గిఫర్డ్ ఆసుపత్రి కట్టిందీ వీళ్లే.

అడ్వెంటిస్టు సంఘాన్ని నిలబెట్టినవారిలో ఒకరైన ఎలెన్ వైట్ 1891లో అమెరికా నుంచి ఈ దేశం వచ్చారు. కూరన్‌బాంగ్‌లో అడవి నరికి బడి కట్టారు. ఆ నేల పనికిరాదన్నారు కొందరు. ఆమె పండ్లమొక్కలు నాటించారు, అవి కాశాయి. పుస్తకంతో పాటు పారా పట్టిన ఆ బడి పిల్లలకు ఆరోగ్యం విడిగా చెప్పాల్సిన పాఠంగా తోచి ఉంటుందా?

కాలిఫోర్నియా అడ్వెంటిస్టులను ఏళ్ల తరబడి గమనించిన పరిశోధకులు, వాళ్లు ఇరుగుపొరుగు కన్నా ఎక్కువ కాలం బతుకుతున్నారని 2001లో ప్రకటించారు. మగవాళ్లలో ఆ తేడా 7 ఏళ్లు దాటింది. శాకాహారం, వ్యాయామం, పొగ తాగకపోవడం అంటూ కారణాలు లెక్కకట్టారు. లెక్కకు అందనిది ఏమైనా ఉందా?

శుక్రవారం పొద్దుగూకే వేళ ఉందనే అనిపిస్తుంది. వాళ్ల విశ్రాంతిదినాన్ని తెచ్చేది సూర్యుడు. సిడ్నీలో జూన్‌లో అయిదు కాకముందే వస్తుంది, డిసెంబరు చివర్లో ఎనిమిది దాటాక. వంట ముందే అయిపోతుంది. మిగిలిన పని మిగిలినట్టే ఉంటుంది. తప్పనిది తప్ప, మర్నాడు పొద్దుగూకేదాకా దాన్ని ముట్టరు.

పని ముగిశాక ఆగడం ఎవరికైనా వస్తుంది. ముగియకుండానే ఆగాలంటే, తను చేయకపోయినా లోకం నడుస్తుందని, నడిపేవాడు ఒకడున్నాడని నమ్మాలి. ఆ నమ్మకం నిద్రలోకి, రక్తపోటులోకి, అన్నం దగ్గరి మాటల్లోకి దిగుతుందా? దిగకుండా ఎలా ఉంటుంది?

గోధుమను అట్టపెట్టెలో పెట్టి దేశమంతటికీ పంచగలిగారు. ఆగడాన్ని అలా పంచడం కుదరలేదు.

ఎక్కువ ఏళ్లు కోరి వాళ్లు ఆగరు. ఏడు రోజులూ ఇచ్చినవాడికి ఒకటి తిరిగి ఇస్తారు. ఏళ్లు ఆ వెనకాలే వచ్చాయేమో. వేరే నమ్మకమున్న ఇంట్లో, ఏ నమ్మకమూ లేని ఇంట్లో ఆ ఆగడం దేన్ని ఆనుకుని నిలబడుతుందో ఇంకా అంతుపట్టదు. వారానికి ఒక సాయంత్రమైనా పనిని సగంలో వదిలి చూడాలని మాత్రం మనసు అడుగుతోంది.