పదవ మనిషి



మన చెన్నపట్నంలోని జార్జిటౌనులో కోరల్ మర్చంట్ స్ట్రీట్ అని ఒక వీధి ఉన్నది. 17వ శతాబ్దములో పగడములు తెచ్చి గోల్కొండ వజ్రములు కొన్న యూదు వర్తకుల జ్ఞాపకము ఆ పేరులో నిలిచినది. 1688లో మద్రాసు కార్పొరేషను ఏర్పడినప్పుడు ఆల్డర్మెన్లలో ముగ్గురు యూదులే. నేడు వారి సమాజమందిరము లేదు. కొన్ని సమాధులు మాత్రము లాయిడ్స్ రోడ్డులో మిగిలి యున్నవి.

దూరదేశమందు బ్రదుకు యూదునికి ఒక లెక్క తప్పదు. పదమూడేండ్లు నిండిన పురుషులు పదిమంది కూడితేనే అది సమాజ ప్రార్థన. దీనిని 'మిన్యాన్' అందురు. ఒంటరిగా ప్రార్థింపవచ్చును గాని, తండ్రిని పోగొట్టుకొన్న కుమారుడు పదకొండు నెలలు చెప్పవలసిన 'కద్దిష్' అను ప్రార్థనను పదిమంది లేనిదే చెప్పకూడదు.

ఈ పది ఎక్కడిది? కనానును వేగుచూచి చెడు సమాచారము తెచ్చిన పదిమందిని సంఖ్యాకాండము 'సమాజము' అని పిలిచినది గనుక, పదిమంది ఉంటే సమాజమని వారి బోధకులు నిర్ణయించిరి. ఆ పదిమంది విశ్వాసవీరులు కారు! కాబట్టి ఈ లెక్క యోగ్యతను చూడదు, హాజరును చూచును.

దేవుడు ఆలకించుటకు తలలు లెక్కింపవలెనా? ఇద్దరు ముగ్గురు చాలునని మన ప్రభువు సెలవిచ్చెను. 1854 జనవరి 1న ఒంగోలు కొండమీద ప్రార్థించినవారు అయిదుగురే: జూయెట్ దొర, దొరసాని, ముగ్గురు తెలుగు విశ్వాసులు. ఆ అయిదుగురిలో ముగ్గురు స్త్రీలు. పాత యూదు లెక్కలో ఆ స్త్రీలు చేరరు. వారిలో కన్సర్వేటివ్ శాఖవారు 1973లో స్త్రీలను లెక్కించుటకు అనుమతించిరి. ఆర్థడాక్సు యూదులు నేటికిని లెక్కింపరు.

అయినను వారి నియమములో మనకొక పాఠమున్నది. ఇద్దరు చాలునన్న వాగ్దానమును మనము సాకుగా మార్చుకొంటిమి. "మనము పోకపోతే ప్రార్థన ఆగుతుందా?" అనుకొని బుధవారపు కూడికకు ఇంటనే ఉండిపోవుచున్నాము. అక్కడనైతే తొమ్మిదిమంది గుమ్మమువైపు చూచుచుందురు. పదవవాడు రానియెడల దుఃఖములో ఉన్నవాని నోరు తెరువబడదు. ఆ పదవవాడు పండితుడు కానక్కరలేదు, వచ్చిన చాలును. మన రాక మన మేలు కొరకే కాదు, పొరుగువానికి మనము తీర్చవలసిన ఋణము.

ఇంకొక ప్రశ్న: ఎవరిని లెక్కింపవలెను? ఒక దినమున పదవవాడు లేకపోగా, రబ్బీ ఎలీయెజెరు తన దాసుని విడుదలచేసి పదిమందిని పూర్తిచేసెనని తల్మూదు చెప్పుచున్నది. దాసుడుగా ఉన్నంతవరకు అతడు లెక్కకు రాలేదు. గుంటూరు జిల్లా కొత్తరెడ్డిపాలెములో బెనె ఎఫ్రాయీము అను తెలుగువారు 1991లో సమాజమందిరము కట్టుకొనిరి. పదిమంది కూడినను, వారు యూదులా కాదా అని తేల్చువారు వేరొకరు!

మన సంఘములలో సంగతి ఏమి? తాతల నాడు వచ్చి స్థిరపడిన కుటుంబములకు రిజిస్టరులో పేర్లున్నవి. నిన్న నెల్లూరునుండో ప్రకాశమునుండో వచ్చి కట్టడపు పనిలో ఉన్న సహోదరుడు, ఇండ్లలో పనిచేయు సహోదరి వెనుక బల్లమీద కూర్చుండి వెళ్లిపోవుచున్నారు. రానివానికొరకు ఎదురుచూచుట ఎంత అవసరమో, వచ్చినవానిని లెక్కలో చేర్చుకొనుటయు అంతే అవసరము. ఈ వారము కూడికలో వారి పేర్లు అడిగి తెలిసికొందము.