చెరువుగట్టున చీపురు ఎవరు పట్టాలి?



హైదరాబాదు శివారులో, పటాన్‌చెరు సమీపాన అమీన్‌పూర్ చెరువు ఉంది. కుతుబ్‌షాహీల కాలం నాటిది. నగరం దాని చుట్టూ పెరిగాక ఇళ్ల మురుగు, ప్లాస్టిక్ కవర్లు దాని పాలబడ్డాయి. పోలీసు సిబ్బంది, పక్షి ప్రేమికులు పూనుకొని చెత్త ఎత్తారు, మొక్కలు నాటారు. 2016లో ప్రభుత్వం దానిని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించింది. అయినా ప్రకటనతో చెత్త ఆగదు. గట్టు మీది నడకదారిని, పక్షులు గూళ్లు కట్టే పొదలను ఎవరో ఒకరు వారం వారం చూసుకోవలసిందే.

అదే 2016లో, సెప్టెంబరు 1న, ఫ్రాన్సిస్ పాపుగారు సృష్టి సంరక్షణను కూడా కరుణా కార్యాలలో చేర్చుకోవాలని శ్రీసభను కోరారు. ఆకలిగొన్నవారికి అన్నం పెట్టడం వంటిదే ఇదీ అన్నమాట.

మన విచారణలలో యువతను ఇటువంటి పనికి పిలిస్తే రెండు ప్రశ్నలు ఎదురవుతాయి. మొదటిది, "పారవేసింది మేము కాదు గదా?" దీనికి జవాబు సులువే. దారిలో పడివున్న మనిషిని కొట్టింది మంచి సమరీయుడు కాదు, అయినా గాయాలు కట్టింది అతడే.

రెండవది బరువైనది. "మా తాతముత్తాతలచేత ఊరి చెత్త బలవంతాన ఎత్తించారు. ఆ బతుకు వద్దనే కష్టపడి పిల్లలను చదివించుకున్నాం. ఇప్పుడు దేవుని పేరు చెప్పి మళ్లీ చీపురు చేతికిస్తారా?" ఇలా అడిగే తల్లిదండ్రులకు సేవాభావం లేదని నిందించడం అన్యాయం. వారి మాటలో తరతరాల గాయం ఉంది.

యోహాను సువార్త 13వ అధ్యాయం చూడండి. ఆనాడు కాళ్లు కడగడం దాసుల పని. ప్రభువు ఆ పనిని శిష్యులలో చిన్నవాడికి పురమాయించలేదు. గురువై ఉండి తానే తువాలు నడుముకు కట్టుకున్నారు. దాసుడికి కాదనే హక్కు లేదు, ప్రభువుకు ఉంది. చేయను అనగలిగినవాడు ఇష్టపడి చేస్తేనే అది సేవ. కాదనే వీలు లేనివాడిచేత చేయిస్తే అది వెట్టి.

కనుక చెరువుగట్టు పనికి మొదట పేరు ఇవ్వవలసినవారు విచారణ గురువులు, సంఘ పెద్దలు, ఎన్నడూ చీపురు పట్టని ఇళ్లవారు. వెట్టి బాధ ఎరిగిన కుటుంబాలు తమ ఇష్టంతో వస్తే ఆనందమే. రాకపోతే ఎవరూ వేలెత్తి చూపకూడదు.

మరొక మాట. మురుగులో ఎవరినీ దింపకూడదు. చేతులతో మలం ఎత్తించడాన్ని 2013 చట్టం నిషేధించింది. మురుగు చెరువులో కలవకుండా చూడడం అధికారుల బాధ్యత. మనం కాగితాలు ఏరుతున్నాం గదా అని వారిని ఆ బాధ్యత నుండి వదలరాదు. అర్జీ రాసి, జవాబు వచ్చేదాకా తిరగడం కూడా ఈ సేవలో భాగమే. న్యాయంగా జరగవలసిన దానికి దానధర్మాలు బదులు కావు.

దేవుడు తోటను సాగుచేసి కాపాడే పనిని ఆదామునకు అప్పగించాడని ఆదికాండము చెబుతోంది. ఆదాము బిడ్డలమంతా ఆ పనికి వారసులమే, ఏ ఒక్క కులమో కాదు. మీ ఊరి చెరువుగట్టు ఎలా ఉందో ఈ ఆదివారం దివ్యపూజ తరువాత ఒకసారి వెళ్లి చూడండి. చీపురు మొదట ఎవరు పట్టాలో అక్కడే మాట్లాడుకోండి.